చైత్ర పెళ్ళి కార్డులు

టూంగాబీ, సిడ్నీ,
2 మే 2025

ఆదీ, నాయనా,

నీకు ఫోన్ చేసి మాట్లాడవచ్చు కానీ నా చెవుల సంగతి నీకు తెలుసు. నువ్వు "తిన్నాను" అంటే నాకు "విన్నాను" అని వినిపిస్తుంది. మీ చిన్నమ్మ పక్కన నిలబడి ప్రతి మాటా గట్టిగా తిరిగి చెబుతుంటే అది మాట్లాడినట్టే ఉండదు. ఈ మెయిల్ అయితే అక్షరాలు పెద్దవి చేసుకుని చదువుతాను. నువ్వు వచ్చి పక్కన కూర్చున్నట్టు ఉంటుంది.

డాక్టరు మళ్ళీ అదే మాట చెప్పింది. కుడిచెవిలో చీము తగ్గేదాకా విమానం ఎక్కకూడదట. కాబట్టి చైత్ర పెళ్ళికి నేను పెర్త్ రావడం లేదు. మీ చిన్నమ్మ కూడా నన్ను వదిలి రానంది. ఆ పిల్ల కాలేజీకి వెళ్ళేటప్పటి నుంచి మా కంచె పక్కనే పెరిగింది. దాని పెళ్ళి చూడలేకపోతున్నానని దిగులుగా ఉంది. ఏం చేస్తాం!

వాళ్ళమ్మ సత్యభామ గారు ఫోటోలకు పెర్త్‌లోనే ఎవరినో మాట్లాడుకోబోతుంటే నేనే అడ్డుపడ్డాను. "మా అన్న కొడుకు ఉన్నాడమ్మా, మెల్‌బోర్న్‌లో. నాకంటే బాగా తీస్తాడు" అన్నాను. నాకంటే అన్నది ఊరికే అన్నాను, పొంగిపోకు. ఆవిడ ఇంకో మాట అడగకుండా "మీరు చెప్పాక ఇంకేముందండీ" అన్నారు. ఆ మాట నిలబెట్టు.

ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెబుతున్నాను. నంద్యాలలో స్టూడియో ఉన్నప్పుడు బొంబాయికి ఒక పెళ్ళికి పోయాను. తిరిగి వచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులో నాతో వచ్చిన వాడు ఫిల్ము రోళ్ళన్నీ ఎక్స్‌రే మిషన్లో వేశాడు. ఇంటికొచ్చి కడిగితే అన్నీ పొగ పట్టినట్టు వచ్చాయి. నేను మాత్రం నా రోళ్ళు విడిగా సంచిలో పెట్టి, "అయ్యా, ఇవి చేత్తో చూడండి" అని బతిమాలి బయటపడ్డాను. నువ్వూ అట్లే చెయ్యి. నీ కెమెరాలో వేసే ఆ చిన్న కార్డులు విడిగా పెట్టుకుని చేత్తో చూడమని అడుగు. నా కోసమైనా అడుగు.

అనన్యకు మీ చిన్నమ్మ పద్యం నేర్పబోతే అది "అమ్మమ్మా, టూ లాంగ్!" అని పారిపోయింది. ఇక్కడ చలి మొదలై పెరట్లో గోంగూర ఆకు రాల్చేస్తోంది.

స్వెట్టర్ మర్చిపోకు.

చిన్నాయన
మద్దిలేటి

*

క్లేటన్,
5 మే 2025

చిన్నాయనా,

నీ చెవికి మందు వేసుకుంటున్నావా లేదా? చిన్నమ్మను అడిగితే "మీ చిన్నాయన ఏదైనా చెబితే వింటాడా" అంటోంది. చెవి వినపడక అంటోందో, మాట వినవని అంటోందో అర్థం కాలేదు.

ఫిల్ముకీ మెమరీ కార్డుకీ చాలా తేడా ఉంది. ఎక్స్‌రే తగిలితే కార్డుకు ఏమీ కాదు. నేను వందసార్లు పంపి ఉంటాను. నా భయం మిషన్ గురించి కాదు, మిషన్ దాటాక ఉండే గందరగోళం గురించి. అక్కడ అందరూ బెల్టులు కట్టుకుంటూ, బూట్లు వేసుకుంటూ, ట్రేలోంచి చేతికి దొరికింది తీసుకుని పరుగెత్తుతుంటారు. లాప్‌టాప్‌లన్నీ ఒకేలా ఉంటాయి. అందుకని నా లాప్‌టాప్ మీదా హార్డ్ డ్రైవ్ మీదా పేరూ ఫోన్ నంబరూ అంటించాను. రెంటికీ పాస్‌వర్డు ఉంది. ఎవరైనా పట్టుకుపోయినా తెరవలేరు. కార్డులకు మాత్రం తాళం ఉండదు, ఎవరు పెట్టి చూసినా కనిపిస్తాయి. అందుకే ఏ రోజు కార్డులు ఆ రోజే డ్రైవ్‌లోకి ఎక్కించేస్తాను.

చైత్ర ఇంకో పని చేసింది. పెళ్ళిలో ఎవరూ ఫోన్లు పట్టుకోకూడదట. హాలు గుమ్మం దగ్గర బుట్ట పెట్టి అందులో వేసి లోపలికి రమ్మంటోంది. "ఆదిత్య తీస్తాడు కదా, మీరంతా నన్ను కళ్ళతో చూడండి" అని అందరికీ మెసేజ్ పెట్టింది. అది చదివాక నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

నేను పనిచేసే వేర్‌హౌస్‌లో సెలవు ఇచ్చారు. నాన్న మళ్ళీ ఉద్యోగం సంగతి అడిగాడు. ఇంటర్వ్యూలకు అప్లై చేస్తున్నానని చెప్పాను, నిజంగానే చేస్తున్నాను. ఈ పెళ్ళి సంగతి మాత్రం ఫోటోలు చూపించాకే చెబుతాను.

నీ తృప్తి కోసం కార్డులు చేత్తోనే చూడమంటాలే. సరేనా?

ఆది

*

క్లేటన్,
11 మే 2025

చిన్నాయనా,

కార్డులు పోయాయి. పెర్త్ ఎయిర్‌పోర్టులో, సెక్యూరిటీ దగ్గర. అన్నీ ఒకే పర్సులో ఉన్నాయి. ఇప్పుడే ఇల్లు చేరాను. ఏం చెయ్యాలో తెలియడం లేదు. వివరంగా తర్వాత రాస్తాను.

ఆది

*

టూంగాబీ,
12 మే 2025

ఒరే ఆదీ,

ఏడుస్తూ కూర్చోకుండా ముందు బ్యాంకుకు ఫోన్ చెయ్యి! కార్డులు ఆపించు. మా అల్లుడికి ఇట్లే రైల్లో పర్సు పోతే గంటలో అన్నీ ఆపించి వారంలో కొత్తవి తెప్పించాడు. లైసెన్సు కూడా అందులోనే ఉందా? ఉంటే దానికీ రాయాలి. చేతిలో ఖర్చుకు లేకపోతే సిగ్గుపడకుండా అడుగు, మా అమ్మాయి సృజనతో వేయిస్తాను. పోయినవి ప్లాస్టిక్ ముక్కలు, అంతే.

ఎంత పని ఉన్నా పర్సు ప్యాంటు జేబులో పెట్టుకోవాలి గానీ ట్రేలో వదిలేస్తారా ఎవరైనా?

సత్యభామ గారూ జనార్దనరావు గారూ నిన్న పెర్త్ నుంచి వచ్చేశారు. పొద్దున కంచె దగ్గర కనిపిస్తే నీ సంగతి చెప్పాను. "అయ్యో పాపం, పెళ్ళిలో పిల్లాడు నీళ్ళు కూడా తాగకుండా తిరిగాడండీ, వాడికా ఈ కష్టం" అని చాలా బాధపడ్డారు. రేపు వాళ్ళ చుట్టాలెవరో మెల్‌బోర్న్ వస్తున్నారట, వాళ్ళ చేత నీకు పెళ్ళి పూతరేకులు పంపిస్తున్నారు. ఫోటోలకు తొందర లేదని, నువ్వు కుదుటపడ్డాకే పంపమని చెప్పమన్నారు. ఎంత మంచి మనుషులో చూడు.

ఆవిడ పెళ్ళి సంగతులు చెబుతుంటే సగం వినిపించింది, సగం ఊహించుకున్నాను. మిగతాది నీ ఫోటోల్లో చూస్తాను.

చిన్నాయన

*

క్లేటన్,
13 మే 2025

చిన్నాయనా,

నువ్వు ఎక్కడైనా కూర్చుని ఇది చదువు.

పోయినవి బ్యాంకు కార్డులు కావు. కెమెరా కార్డులు. పెళ్ళి మొత్తం వాటిలోనే ఉంది.

మొదటి రోజు మెహందీ, పాటలు, అన్నీ ఆ రాత్రే డ్రైవ్‌లోకి ఎక్కించాను. అవి భద్రంగా ఉన్నాయి. పెళ్ళి రోజు ముహూర్తం తెల్లవారుజామున. తలంబ్రాలు, అప్పగింతలు, సాయంత్రం నది ఒడ్డున రిసెప్షన్. రూముకు వచ్చి లాప్‌టాప్ తెరిచాను, బూట్లు విప్పుదామని మంచం మీద కూర్చున్నాను. అంతే గుర్తుంది. తెల్లారి లేచేసరికి ఫ్లైటుకు ఆలస్యమైంది. విమానంలో కూర్చుని ఎక్కించుకోవచ్చులే అనుకున్నాను.

సెక్యూరిటీ దగ్గర లాప్‌టాప్, కెమెరాలు ఒక ట్రేలో, బ్యాగు ఒక ట్రేలో, కార్డుల పర్సు ఇంకో చిన్న ట్రేలో వెళ్ళాయి. అటు దాటగానే ఒకాయన నన్ను పక్కకు పిలిచాడు. పేలుడు మందు పరీక్ష. వరసలో ఎవరినో ఒకరిని అలా పిలుస్తారు, తప్పు చేశామని కాదు. కర్ర చివర బట్టముక్క పెట్టి చేతులకీ నడుముకీ రాసి మిషన్లో పెట్టాడు. నేను ట్రేలు వచ్చే బెల్టు వైపే చూడాలని మెడ తిప్పుతుంటే ఆయన "లుక్ దిస్ వే, మేట్" అన్నాడు. తిరిగి వచ్చేసరికి నా ట్రేలు చివరకు చేరి ఉన్నాయి. మా ఫ్లైటు పేరు పిలుస్తున్నారు. బ్యాగు, లాప్‌టాప్, కెమెరాలు తీసుకుని పరుగెత్తాను.

విమానం ఎడారి మీద ఉన్నప్పుడు డ్రైవ్ బయటికి తీసి పర్సు కోసం చెయ్యి పెడితే లేదు. బ్యాగంతా సీటు మీద గుమ్మరించాను. పక్కన కూర్చున్న పెద్దావిడ "మందులు మర్చిపోయావా బాబూ" అని ఇంగ్లీషులో అడిగింది. అవునన్నాను.

దిగగానే పెర్త్ ఎయిర్‌పోర్టుకు ఫోన్ చేశాను. వాళ్ళు పాపం వెతికారు. ఎవరో తమదనుకుని తీసుకుని ఉంటారని, తిరిగి ఇస్తే చెబుతామని అన్నారు. నల్లటి జిప్పు పర్సు. ప్రయాణానికి ముందే కొన్నాను. దాని మీద మాత్రం పేరు రాయలేదు.

ఇంకెవరి దగ్గరా ఆ పెళ్ళి ఫోటో ఒక్కటి కూడా లేదు. ఫోన్లన్నీ బుట్టలో ఉన్నాయి కదా.

సత్యభామ ఆంటీకి నువ్వేం చెప్పొద్దు. నేనే వచ్చి చెబుతాను. పూతరేకులు అందాయి. నేను ముట్టుకోలేకపోయాను. రూములో వాళ్ళు తిన్నారు.

ఆది

*

టూంగాబీ,
15 మే 2025

ఆదిత్యకు,

నీ ఉత్తరం వచ్చి రెండు రోజులైంది. చదివిన రోజు జవాబు రాసి ఉంటే ఏమేమి రాసేవాణ్ణో. ఇప్పుడు కూడా కోపం తగ్గలేదు.

నా స్టూడియోలో వాన కురిసింది, పైకప్పు కారింది, దొంగలు పడ్డారు. పెళ్ళి రోళ్ళు మాత్రం ఏనాడూ పోలేదు. తిండి తినే ముందు, స్నానం చేసే ముందు రోళ్ళు బీరువాలో పెట్టి తాళం వేసేవాణ్ణి. అలిసిపోయి నిద్రపట్టిందంటావు. నిద్ర ఎవరికి రాదు?

ఒక్కటి నాకు అర్థం కావడం లేదు. అంత విలువైన పర్సు బ్యాగులో ఎందుకు లేదు? బ్యాగు లోపలి జేబులో పెట్టి జిప్పు వేసుకుని ఉంటే బ్యాగుతో పాటే నీ చేతికి వచ్చేది కదా. విడిగా ట్రేలో ఎందుకు పెట్టావు? ఏం ఆలోచించి పెట్టావు? దీనికి జవాబు రాయి.

ఇక్కడ నా పరిస్థితి చూడు. అనన్యను బడికి తీసుకెళ్ళేటప్పుడు సత్యభామ గారి ఇంటి ముందు నుంచి పోవాలి. రెండు రోజులుగా అటు పోకుండా చుట్టూ తిరిగి పోతున్నాను. అనన్య "తాతా, వై ఆర్ వి గోయింగ్ దిస్ వే?" అంటుంది. కాళ్ళకు మంచిదని చెబుతున్నాను. నిన్న ఆవిడ కంచె దగ్గర పిలిచి ఏదో అడిగారు. వినపడనట్టు లోపలికి వచ్చేశాను. ఈ చెవి ఇట్లా కూడా పనికొస్తుందని అనుకోలేదు.

ఎన్నాళ్ళు దాస్తాం? ఎప్పుడు వస్తావో రాయి.

మద్దిలేటి

*

క్లేటన్,
18 మే 2025

చిన్నాయనా,

నువ్వు "చిన్నాయన" అని కాకుండా "మద్దిలేటి" అని సంతకం పెడితే నాకు గుండెలు జారిపోతాయి. కోప్పడు, కానీ అలా రాయకు.

24న, శనివారం, సిడ్నీ వస్తున్నాను. నేరుగా ఆంటీ వాళ్ళింటికే వెళ్ళి చెబుతాను. నువ్వు దీంట్లో తలదూర్చొద్దు, తప్పు నాది.

పోయిన వస్తువుల ఆఫీసులో షారన్ అనే ఆవిడ ఉంది. రోజూ ఫోన్ చేసి విసిగిస్తున్నా మర్యాదగానే మాట్లాడుతోంది. నల్ల పర్సులు వాళ్ళ దగ్గరికి చాలానే వస్తాయట. ఎప్పుడైనా వస్తే నాదేనని గుర్తుపట్టడానికి కార్డుల్లో ఏముందో రాయమంది. "ఇండియన్ పెళ్ళి అని రాయకు, ఆ మాట ఎవరైనా చెప్పగలరు. నువ్వు తప్ప ఇంకెవరూ చెప్పలేనిది రాయి" అంది. కూర్చుని రాశాను. తెలుగులో చెబితే ఇలా ఉంటుంది:

"మూడేళ్ళ పాప పూలబుట్టలో తల పెట్టి నిద్రపోయింది. చెంపకు బంతిరేకు అంటుకుని ఉంది.

తలంబ్రాలప్పుడు పెళ్ళికొడుకు కళ్ళజోడు జారి పళ్ళెంలో పడింది. పెళ్ళికూతురు తీసి తన కొంగుతో తుడిచి పెట్టింది.

అప్పగింతలు అయ్యాక అందరూ భోజనాలకు వెళ్ళారు. పెళ్ళికూతురి తండ్రి కారు దగ్గర ఒక్కడే ఉన్నాడు. డిక్కీ తెరిచి ఉంది. లోపల కూతురి పెట్టె ఉంది. దాని మీద రెండు చేతులూ ఆనించి, తల దించుకుని ఏడుస్తున్నాడు. మెడలో దండ అలాగే ఉంది. కాసేపటికి దండ తీసి, దాంతోనే ముఖం తుడుచుకోబోయి, మళ్ళీ చూసుకుని, ఉత్తరీయంతో తుడుచుకున్నాడు."

ఇది రాసి పంపాక మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను చిన్నాయనా. అన్నీ కళ్ళముందే ఉన్నాయి, ఎవరికీ చూపించలేను.

వేర్‌హౌస్‌లో వారమంతా షిఫ్టులు అడిగాను. కెమెరాలు అమ్మేద్దామనుకుంటున్నాను. ఒకతను ఆదివారం వచ్చి చూస్తానన్నాడు. నాన్న చెప్పినట్టు ఉద్యోగం చూసుకోవడమే మంచిది.

ఆది

*

టూంగాబీ,
21 మే 2025

నాయనా ఆదీ,

పర్సు విడిగా ఎందుకు పెట్టావని అడిగాను. నువ్వు అన్నిటికీ జవాబు రాసి ఆ ఒక్కటీ వదిలేశావు. మర్చిపోయే రకం కాదు నువ్వు. ఎందుకు వదిలేశావా అని ఆలోచిస్తూ నేను నీకు మొదట రాసిన మెయిల్ తెరిచి చదువుకున్నాను.

చేత్తో చూడమని అడగడానికి విడిగా పట్టుకున్నావు. నేను చెప్పానని. వాళ్ళు అక్కర్లేదు, ట్రేలో పెట్టమని ఉంటారు. అంతేనా?

నీకు తెలుసు, కార్డుకు ఎక్స్‌రేతో ఏమీ కాదని. నాకు రాశావు కూడా. అయినా నా మాట కోసం అట్లా చేశావు. నేనేమో నిన్ను నిలదీశాను. నువ్వు నోరు విప్పలేదు. మొన్న రాత్రి మీ చిన్నమ్మకు చెబితే "పిల్లోడు నిన్ను కాపాడతాండాడు, నువ్వు వాణ్ణి తిడతాండావు" అంది. ఆ మాట మాత్రం బాగా వినపడింది.

అందుకని నిన్న సాయంత్రం నేనే సత్యభామ గారింటికి పోయాను. నువ్వు వద్దన్నావు. కానీ నీకంటే ముందు నేనే చెప్పాలనిపించింది. భార్యాభర్తలిద్దరూ ఉన్నారు.

"అమ్మా, పోయినవి బ్యాంకు కార్డులు కావు" అన్నాను.

ఆవిడకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక అరవలేదు. అరిచినా బాగుండేది. "మా అన్నయ్య ఒక్క ఫోటో తీసుకుంటానంటే కూడా చైత్ర ఒప్పుకోలేదండీ. ఫోను లాక్కుని బుట్టలో వేసింది. ఎవరున్నారని? మీవాడు ఉన్నాడనే కదా" అన్నారు. నా సలహా వల్లే పోయాయని చెప్పాను. ఆవిడ వినలేదో, విన్నా పట్టించుకోలేదో.

లేచి వచ్చేద్దామనుకున్నాను. కానీ నువ్వు ఎంత చూశావో, ఎట్లా చూశావో వాళ్ళకు తెలియాలనిపించింది. ఫోన్ తీసి నువ్వు షారన్‌కు రాసింది చదివాను. పాప సంగతికి, కళ్ళజోడు సంగతికి ఆవిడ కొంచెం నవ్వారు. కారు దగ్గరి సంగతి చదివేసరికి భర్త వైపు తిరిగారు. "సామాన్లు సర్దుతున్నానన్నారు కదండీ మీరు?" అన్నారు. ఆయన లేచి లోపలికి వెళ్ళిపోయారు. నేను వచ్చేసేదాకా మళ్ళీ బయటికి రాలేదు.

నేను చేసింది మంచో చెడో తెలియడం లేదు. శనివారం రా. మీ చిన్నమ్మ జొన్నరొట్టెలు చేస్తానంటోంది.

చిన్నాయన

*

క్లేటన్,
22 మే 2025

చిన్నాయనా,

నువ్వెందుకు చదివావు అది?

కార్డులు పోయినందుకు నాకు సిగ్గుగా ఉంది, నువ్వు చెప్పేశావని కాదు. కానీ అంకుల్ ఎవరూ చూడని చోటు వెతుక్కుని అక్కడికి వెళ్ళి ఏడ్చాడు. నేను చూశాను, నా కెమెరా చూసింది. అది నాది కాదు. నీది అసలే కాదు. ఆయన్ని అడగకుండా ఆయన భార్య ముందు, ఆయన ఇంట్లో, ఆయన కూర్చుని ఉండగా చదివేశావు. పాస్‌వర్డులు పెడతాను, తాళాలు వేస్తాను అని నీకు పెద్ద గొప్పగా రాశాను. నేనే నీకు రాసిపడేశాను. నా మీద కూడా కోపంగా ఉంది.

పర్సు సంగతి నువ్వు అనుకున్నది నిజమే. కానీ పోవడానికి కారణం అది కాదు. ముందురోజు రాత్రి కాపీ చేసి ఉంటే పర్సు పోయినా ఏమయ్యేది? ఇంక దాని గురించి ఆలోచించకు. మందు వేసుకో.

శనివారం వస్తాను.

ఆది

*

క్లేటన్,
29 మే 2025

చిన్నాయనా,

మొన్న శనివారం వాళ్ళింటి నుంచి వచ్చాక ఏం జరిగిందని నువ్వు మూడుసార్లు అడిగావు. అందరి మధ్యా గట్టిగా అరిచి చెప్పే సంగతి కాదు. అందుకే రొట్టెలు తింటూ కూర్చున్నాను. ఇప్పుడు రాస్తున్నాను.

తలుపు అంకులే తీశారు. ఆంటీ సోఫాలోంచి లేవలేదు. నేను చెప్పాల్సింది చెప్పాను. ఆంటీ "దొరికితే చెప్పు" అన్నారు, అంతే. అంకుల్ నన్ను పెరట్లోకి తీసుకెళ్ళారు. నిమ్మచెట్టు చూపించారు. దానికి ఏం ఎరువు వేస్తారో చెప్పారు. నేను మధ్యలో ఆపి, "అంకుల్, అలా రాసినందుకు క్షమించండి" అన్నాను.

"నువ్వక్కడ ఉన్నావని నాకు తెలీదయ్యా. కెమెరా కనపడలేదు" అన్నారు.

"దూరంగా ఉన్నానండీ. దగ్గరికి రాబుద్ధి కాలేదు."

ఆయన ఒక నిమ్మకాయ కోసి నా చేతిలో పెట్టారు. "దొరికితే, అదొక్కటీ ఎవరికీ చూపించకు" అన్నారు. మాటిచ్చాను.

ఇప్పుడు అసలు సంగతి. దొరికాయి చిన్నాయనా!

మంగళవారం వేర్‌హౌస్‌లో పెట్టెలు దించుతుంటే షారన్ ఫోన్ చేసింది. కాల్‌గూర్లీ దగ్గర గనిలో పనిచేసే ఒకతను, రెండు వారాలు అక్కడ, ఒక వారం పెర్త్‌లో ఇంట్లో. ఛార్జర్లు పెట్టుకునే అతని పర్సూ నాదీ ఒకేలా ఉన్నాయి. రెండూ తీసుకుపోయాడు. సంచి అడుగున పడి ఉండిపోయింది. ఇంటికొచ్చి బట్టలు ఉతుక్కోవడానికి సంచి దులిపితే బయటపడింది. ఎవరివో తెలియని కార్డులు తన కంప్యూటర్లో పెట్టనని నేరుగా తెచ్చి ఇచ్చేశాడట. తెరవడానికి షారన్ నన్ను అనుమతి అడిగింది. పూలబుట్ట పాప ఉంటే చాలు, ఇంకేం చూడొద్దన్నాను. "ఫౌండ్ హర్, డార్లింగ్. పెటల్ అండ్ ఆల్" అంది, చెంప మీద బంతిరేకుతో సహా పాప దొరికిందని. పెట్టెల మధ్యే కూర్చుని ఏడ్చేశాను. సూపర్‌వైజర్ మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

పోస్టులో పంపుతామన్నారు. వద్దన్నాను. బుధవారం పొద్దున ఫ్లైటుకు వెళ్ళి నేనే తీసుకున్నాను. చైత్ర ఎయిర్‌పోర్టుకు వచ్చింది. వాళ్ళింట్లో కూర్చుని రెండు కాపీలు తీశాను. ఒకటి తనకు ఇచ్చాను. అంకుల్ ఫోటో మాత్రం అందులో లేదు, తీసి నా డ్రైవ్‌లో తాళం వేసి ఉంచాను. తిరిగి వచ్చేటప్పుడు పర్సు మీద పేరు రాసి బ్యాగు లోపలి జేబులో పెట్టాను. ఈసారి కూడా పరీక్షకు నన్నే పిలిచారు! "బ్యాగు నాకు కనిపించేట్టు నిలబడతాను" అంటే పరీక్ష చేసే ఆవిడ నవ్వి సరేనంది.

నీకు ముందు రాసిన ఉత్తరం కటువుగా ఉంది. అన్న మాట మీదే ఉన్నాను, కానీ రాసిన తీరు బాగాలేదు.

ఆది

*

టూంగాబీ,
8 జూన్ 2025

ఆదీ, నా బంగారూ,

నువ్వు పంపిన ఫోటోలు ఇప్పటికి వీధి వీధంతా చూసింది. సత్యభామ గారు టీవీకి తగిలించి, వచ్చిన వాళ్ళను వచ్చినట్టు కూర్చోబెడుతున్నారు. కొరియర్ ఇవ్వడానికి వచ్చిన పిల్లవాణ్ణి కూడా నిలబెట్టి తలంబ్రాలు చూపించారు. నాతో మళ్ళీ మామూలుగా మాట్లాడుతున్నారు. "మీవాడు నాలుగు కిలోలు తక్కువ చేసి తీశాడండీ నన్ను" అన్నారు. మీ చిన్నమ్మ నాకు రెండుసార్లు చెబితే గానీ అర్థం కాలేదు. నేను కూడా పెళ్ళి మొత్తం చూశాను. చైత్ర ముఖంలో ఆ వెలుగు కోసం నువ్వు ఎంతసేపు కాచుకున్నావో నాకు తెలుసు.

నిన్న మధ్యాహ్నం జనార్దనరావు గారు ఒక్కరే వచ్చారు. మా ఇంటికి ఆయన ఒక్కరే రావడం ఇదే మొదటిసారి. నువ్వు ఆయనకు ఆ ఒక్క ఫోటో విడిగా, తాళం వేసి పంపావట కదా. పాస్‌వర్డు ఫోన్లో చెప్పావట. ఎంత కొట్టినా తెరుచుకోవడం లేదని నా దగ్గరికి తెచ్చారు. ఆయన ప్రతిసారీ వాక్యానికి పెట్టినట్టు చివర ఒక చుక్క పెడుతున్నారు, బ్యాంకులో పనిచేసిన అలవాటేమో. చుక్క తీసేయమన్నాను. తెరుచుకుంటుండగా నేను లేచి టీ పెట్టడానికి వంటింట్లోకి పోయాను. నువ్వు రాసింది గుర్తుంది నాయనా.

టీ మరిగింది, వడగట్టాను, చల్లారిపోయింది. నేను బయటికి రాలేదు. చివరకు ఆయనే గుమ్మం దాకా వచ్చి చెయ్యి ఊపి పిలిచారు. "మద్దిలేటి గారూ, మీరూ చూడండి" అన్నారు.

చూశాను. నేను ఇంతకాలం ఎన్ని పెళ్ళిళ్ళు తీశానో. ఏడుస్తున్న తండ్రి కనిపిస్తే దగ్గరికి పోయి, లైటు సరిచేసి, ఇటు తిరగండి సార్ అనేవాణ్ణి. నువ్వు అంత దూరంలో ఆగిపోయావు. మధ్యలో ఖాళీ నేల, ఆ తెరిచిన డిక్కీ, ఆయన వీపు. అది నేను నీకు నేర్పింది కాదు. నాకు రాదు కూడా. కెమెరాలు కొనడానికి వచ్చినవాణ్ణి వెనక్కి పంపేశానని మీ చిన్నమ్మకు చెప్పావట, మంచి పని చేశావు. ఉద్యోగం వెతుక్కో, వద్దనను. మీ నాయనకు మాత్రం ఈ ఫోటోలు నేనే పంపిస్తాను, ఏమంటాడో విందాం. విందాం అంటే నువ్వు వినాలి, నాకు చెప్పాలి.

జనార్దనరావు గారు కుర్చీ అంచున కూర్చుని చాలాసేపు ఆ ఫోటోనే చూశారు. తర్వాత, "దీన్ని చైత్రకు పంపాలంటే ఏది నొక్కాలి?" అని అడిగారు.

"ఎవరికీ చూపొద్దన్నారట కదా?" అన్నాను.

"అందరికీ వద్దు. అది మాత్రం చూడాలి" అన్నారు. "కారెక్కేటప్పుడు నా కోసం అటూ ఇటూ వెతికింది. నేను డ్రైవరుతో మాట్లాడుతున్నట్టు నటించాను. ఇప్పుడు ఫోన్ చేసినా ఎండగా ఉందా, వానగా ఉందా అనే అడుగుతాను."

ఎక్కడ నొక్కాలో చూపించాను. కింద ఏదైనా రాయమన్నాను. ఏం రాయాలో తోచక అట్లే పంపేశారు. టీ తాగకుండానే వెళ్ళిపోయారు.

సాయంత్రం నేను గోంగూర మొక్కలు పీకేస్తూ పెరట్లో ఉన్నాను. ఆయన ఫోన్ చెవికి పెట్టుకుని వాళ్ళ పెరట్లోకి వచ్చారు. కంచె అవతల ఏం మాట్లాడుతున్నారో నాకు ఒక్క ముక్క వినపడలేదు. మొదట నిలబడి తల ఊపుతూ ఉన్నారు. తర్వాత నిమ్మచెట్టు చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. ఒకసారి ఆగి కళ్ళు తుడుచుకున్నారు, ఈసారి ఎవరు చూస్తున్నారా అని చూసుకోలేదు. ఇంకోసారి గట్టిగా నవ్వారు, ఆ నవ్వు భుజాలు కదలడం వల్ల తెలిసింది. సత్యభామ గారు భోజనానికి పిలవడానికి గుమ్మంలోకి వచ్చారు. నోరు తెరిచి, ఆయన్ని చూసి, ఏమీ అనకుండా పెరటి లైటు మాత్రం వేసి లోపలికి వెళ్ళిపోయారు.

నేను లోపలికి వచ్చేసరికి కూడా ఆయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు.

చిన్నాయన